నివాసం నిండా పైడితల్లే

హైమవతి మూడో తలుపు దగ్గర ఆగి వాసనపలక మీద ఊపిరి వదిలింది. పలక అద్దంలా మసకబారి మళ్ళీ తేటపడింది.

"శుభోదయం హైమవతి గారూ. నిన్న మీరు అన్నం నమలకుండా మింగారు," అంటూ తలుపు తెరుచుకుంది.

ఆమె లోపలికి వెళ్ళకుండానే నాలుగో తలుపు దగ్గరికి నడిచింది. రోజూ పొద్దున్నే నివాసంలోని తలుపులన్నిటికీ తన ఊపిరి చూపించి, అవి మనిషిని సరిగా పోల్చుకుంటున్నాయో లేదో చూడడం ఆమె మొదటి పని. రెండో పని తిండికిటికీ పరీక్ష. మూడోది, ఎవరైనా తలుపుల మీద ఫిర్యాదు చేస్తే వినడం. ఇంతకాలంగా ఆ మూడో పని ఆమెకు పడనే లేదు.

భీమిలి ఒడ్డున సముద్రానికి ఎదురుగా కట్టిన ఆ నివాసంలో ఏటా వేసవికి జీవరచన పాఠశాల నడిచేది. రాష్ట్రం నలుమూలల నుంచీ కుర్రకారు వచ్చి, అక్కడే తిని, అక్కడే పడుకుని, సూక్ష్మజీవులకు చావుగడియ రాయడం నేర్చుకునేవాళ్ళు. పాత తెగుళ్ళ కాలం గడిచాక వచ్చిన చట్టం అది. మనిషి చేతిమీదుగా పెరిగే ఏ సూక్ష్మజీవీ తన పని ముగిశాక బతికి ఉండకూడదు. పెరుగు ప్యాకెట్లో ఉండేది కూడా ఒంటికాన్పు తోడే. ఒక్కసారి పాలను పెరుగు చేసి అది కన్నుమూస్తుంది. ఆ పెరుగు తీసి మరో గిన్నె పాలలో వేస్తే పాలు పాలలాగే ఉండి మర్నాటికి విరిగిపోతాయి.

నివాసాన్ని నడిపే యంత్రవ్యవస్థ పేరు సమన్విత. పిల్లలు మాత్రం దాన్ని అత్తగారు అనేవాళ్ళు. ఎవరేం తిన్నారో మూతి వాసన చూసి చెప్పడమే కాక, పదిమంది వింటుండగా చెప్పేది మరి.

దాన్ని తయారుచేసినవారు పాఠశాల అధిపతి ఆచార్య పుండరీకాక్షం గారు. మనిషంటే ఎముకలూ మాంసమూ కాదని, అతని పేగుల్లో కాపురముండే కోటానుకోట్ల జీవులే అతననీ ఆయన సిద్ధాంతం. ఏ ఇద్దరి పేగుల్లో కాపురాలూ ఒకలా ఉండవు. కాబట్టి తాళాలూ సంతకాలూ ఎందుకు, ఊపిరిలో తెలిసే పేగుముద్ర చాలదా అని ఆయన అనేవారు. ఆ పూట జీవరక్షణ మండలి నుంచి పరిశీలకురాలు రాబోతోంది. ఊపిరి తలుపులు అప్పటికే కొన్ని అపార్టుమెంట్లకూ ఆఫీసులకూ వచ్చాయి; ఆమె సరేనంటే రాష్ట్రంలో ప్రతి ఇంటి గుమ్మానికీ అత్తగారు వస్తుంది.

హైమవతి మలుపు తిరిగేసరికి నడవలో వీరభద్రుడు తుండుగుడ్డ కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఆరడుగుల విద్యార్థి. మెలితిప్పిన మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. స్నానం చేసి వచ్చేసరికి గది తలుపు తెరుచుకోలేదట.

"మేడం, మీ అత్తకు మీరే చెప్పల్ల. నన్ను పట్టుకోని పైడితల్లీ అంటాంది. జడ బిగిచ్చి అల్లుకోవద్దంట, తలనొప్పి తగ్గదంట."

హైమవతి నవ్వు ఆపుకుని అతన్ని మళ్ళీ ఊపిరి వదలమంది. తలుపు మర్యాదగానే జవాబిచ్చింది. "పైడితల్లి గారూ, ఇది మగపిల్లల గది. మీ గది ఆ చివర ఉంది."

ఆ చివరి గది దగ్గర అప్పటికే పెద్ద గుంపు ఉంది. ఎవరి గది తలుపూ వాళ్ళకు తెరుచుకోవడం లేదు. పైడితల్లి గది మాత్రం ఊపిరి వదిలిన ప్రతివాళ్ళకూ తెరుచుకుంటోంది. దువ్వెన కావలసినవాళ్ళు ఆమె దువ్వెనే వాడుకున్నారు. చొక్కాలేని వీరభద్రుడు ఆమె దుప్పటి కప్పుకుని ఫలహారానికి వెళ్ళాడు.

తిండికిటికీ దగ్గర వ్యవహారం ఇంకా ముదిరింది. మొదట వచ్చినవాడికి ఇడ్లీలు ఇచ్చింది. రెండోవాడితో, "పైడితల్లి గారూ, మీరు ఇప్పుడే తిన్నారు," అంది. మూడో మనిషికి ఒక్క ఇడ్లీ పెట్టి ఆడపిల్లకు ఇంత ఆకలి మంచిది కాదంది. వరసలో సగంమంది అయ్యేసరికి దానికి పైడితల్లి మీద బెంగ పట్టుకుంది. ఆమె జీర్ణశక్తి చెడిపోయిందని తేల్చి, ఆపైన వచ్చినవాళ్ళందరికీ పలచటి సగ్గుబియ్యం జావ పోసింది. మొత్తం నివాసంలో పేరు పెట్టి పిలిపించుకుని, తన వంతు ఇడ్లీలు తనకు దక్కించుకున్నది హైమవతి ఒక్కతే. అందరూ తన పళ్ళెం వైపే చూస్తుంటే ఆమెకు ముద్ద దిగలేదు. పళ్ళెం పక్కనున్న పిల్లవైపు జరిపి లేచింది.

*

అసలు పైడితల్లి ప్రయోగశాలలో ఉంది. విజయనగరం పిల్ల. సన్నగా, పొట్టిగా ఉంటుంది. చావుగడియ రాయడంలో ఆ ఏడాది అందరికన్నా చెయ్యి తిరిగినది ఆమే. ఆమె రాసిన జీవి చెప్పిన వేళకు చెప్పినట్టు చచ్చేది.

హైమవతి వెళ్ళేసరికి ప్రయోగశాల పట్టపగలే చీకటిగా ఉంది. పైడితల్లి ఒకే వేళలో స్నానాల గదిలోనూ, మెట్ల మీదా, సముద్రపు ఒడ్డునా, ప్రయోగశాలలో ఆరు బల్లల దగ్గరా కనబడడంతో, పిల్ల ఒళ్ళు హూనం చేసుకుంటోందని అత్తగారు నిర్ధారించుకుంది. కిటికీల ఆకుతెరలు మూసేసింది. దీపాలకు బదులుగా వెలిగే మిణుగురు సీసాలు ఆర్పేసింది. పైగా సన్నగా జోలపాట కూనిరాగం తీస్తోంది. ఇద్దరు విద్యార్థులు నిజంగానే నిద్రపోయారు.

హైమవతి పైడితల్లి పక్కన బల్ల మీద కూర్చుని, ఏం తెచ్చావని మాత్రం అడిగింది. పిల్ల దాచలేదు.

"తోడు తెచ్చీసేను మేడం. మా మామ్మ తన పాత చీరముక్క పెరుగులో ముంచి, నీడన ఆరబెట్టి ఇచ్చింది. బట్టల్లో పెట్టుకుని వచ్చీసేను. అత్తగారు మూతులే కదా వాసన చూస్తాది, బట్టలు చూడదు కదా."

ప్యాకెట్టు పెరుగుతో తనకు అన్నం దిగదని చెప్పింది. వచ్చిన మొదటి వారంలోనే ఆ గుడ్డముక్క గోరువెచ్చని పాలలో వేసి ఊరుకుందట. పొద్దుటికి గిన్నె తిరగేసినా జారని పెరుగు. తన గదిలోనే ఉండే పిల్ల రుచి చూసి చెంచాడు తోడు అడిగింది. ఆ పిల్ల దగ్గర పక్కగది వాళ్ళు తిన్నారు. తర్వాత వాళ్ళూ గిన్నెలు పట్టుకుని వచ్చారు.

"నువ్వు ఇచ్చేశావు."

"తోడు అడిగితే లేదనకూడదు కదా మేడం. దీపాలెట్టేక అడిగితే ఇవ్వకూడదు. మా మామ్మ నాకు నేర్పినవి ఆ రెండే. మిగతావన్నీ ఇక్కడే నేర్చుకున్నాను."

ఆ రెండూ హైమవతికీ తెలుసు. తునిలో ఉండగా వాళ్ళమ్మ ఆమె చేతికి గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేది. పక్కింటావిడ తోడు వేస్తూ వేస్తూ మీ ఇంట్లో ఏం కూరని అడిగేది, చెప్పేవరకూ గిన్నె వదిలేది కాదు. ప్యాకెట్లు వచ్చాక ఎవరి గుమ్మానికి ఎవరూ పోనక్కరలేకపోయింది. ఊపిరి తలుపులు వచ్చాక తట్టనక్కర కూడా లేకపోయింది. నివాసం చివరనున్న తన క్వార్టరులో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, ఆ తలుపు మీద ఒకరి వేలికణుపు పడిన గుర్తు ఆమెకు లేదు. ఈమధ్య సాయంత్రాలు ఆ నడవలోంచి టకటకమని చప్పుళ్ళు వినబడుతుంటే పిల్లలేదో ఆట ఆడుతున్నారనుకుంది. ఇప్పుడు తెలిసింది, అవి గిన్నెలు పట్టుకుని తలుపులు తట్టిన చప్పుళ్ళు. ఆమె తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు. ఆమె అధికారి మరి.

"దానికే ఓ చావుగడియ రాసిపెట్టి ఉంటే చట్టప్రకారం అయ్యేది కదా," అంది హైమవతి. "నీకదెంత పని."

"రాద్దామనే కూకున్నాను మేడం. చెయ్యి ఆడలేదు."

మిగతాది ఆమె మెల్లగా చెప్పింది. మామ్మను కిందటేడు ఊపిరి తలుపుల అపార్టుమెంటులోకి మార్చారు. సామాను దించుతుంటే మండలివాళ్ళు వచ్చి పెరుగు కుండను సూక్ష్మజీవుల్ని చంపే ఆవిరిపెట్టెలో పెట్టేశారు. మిగిలింది ఆ చీరముక్కే. వాళ్ళకు తెలియకుండా బొడ్డులో దోపుకుందట.

"సెలవులయ్యేక నాకో సెంచాడు తెచ్చియ్యే, అప్పటిదాకా నీకాడ బతికుంటే సాలంది. ఇప్పుడది పోతే ఇంక ఎక్కడా లేదు మేడం."

ఎలా జరిగిందో హైమవతికి అర్థమైంది. ఒంటికాన్పు జీవులు నోరులేనివి. పని చేసి పోతాయి. మామ్మగారి తోడు అలా కాదు, తరతరాలుగా కుండల్లో కాపురం చేసి రాటుతేలింది. దాని గొంతు పెద్దది. ఒక్క గ్లాసు మజ్జిగ తాగితే చాలు, ఊపిరిలో ముందు అదే మాట్లాడుతుంది. అత్తగారు ఆ గొంతును మొదట పైడితల్లి దగ్గర వింది; నెలకోసారి ముద్రలు తిరగరాసే అలవాటు ప్రకారం నిన్న రాత్రి దాన్ని ఆమె పేరున రాసుకుంది. ఇక ఎవరి నోట ఆ గొంతు వినబడినా అది పైడితల్లే.

పేగుముద్రను ఎవరూ ఎత్తుకుపోలేరని పుండరీకాక్షం గారు లెక్కగట్టారు. ఒకరు అడగడం, ఇంకొకరు చెంచాతో వేసి ఇవ్వడం ఆయన లెక్కలో లేదు.

*

పుండరీకాక్షం గారు తన గది ముందే దొరికారు. పట్టుపంచె కట్టుకుని, మండలికి చదివి వినిపించాల్సిన ప్రసంగం గదిలో ఉండగా, బయట నిలబడి తలుపుతో వాదిస్తున్నారు. రోజూ ఉపన్యాసం అయ్యాక గొంతుకు మంచిదని వీరభద్రుడు ఆయనకు చల్లటి మజ్జిగ ఇస్తూ వచ్చాడు. ఎక్కడిదని ఆయన అడగలేదు, అతను చెప్పలేదు.

"నేను పుండరీకాక్షాన్ని. నిన్ను నిర్మించినవాణ్ణి," అన్నారాయన పలక మీదికి వంగి.

"పైడితల్లి గారూ, ఆచార్యుల గదిలోకి మీకు అనుమతి లేదు. మీకు చిరాకు రావడం సహజమే, నెలలో ఆ రోజులు దగ్గరపడ్డాయి. వెళ్ళి పడుకోండి."

ఆయన హైమవతి వైపు తిరిగి, ఆ మాట మండలివారి ఎదుట అనకుండా చూడగలరా అని అడిగారు. తర్వాత ఆమె చెప్పిందంతా విన్నారు. కోప్పడలేదు. ఆయన కోప్పడేవారు కాదు, ఉత్తర్వులిచ్చేవారు. నివాసంలో ఉన్న పెరుగు గిన్నెలన్నీ ఆవిరిగదికి చేర్చాలి. అందరూ పేగులు శుభ్రంచేసే కడుగునీళ్ళు తాగాలి. చేరిన రోజున తీసి మంచులో దాచిన ఎవరి పేగుజీవుల బీజం వాళ్ళకు మళ్ళీ వేయాలి. పైడితల్లి పెట్టె సర్దుకుని సాయంత్రం బండికి వెళ్ళిపోవాలి, ఇక ఏ ప్రయోగశాలలోనూ ఆమెను చేర్చుకోకుండా మండలికి రాయాలి. బీజపేటిక తెరవడానికి అనుమతి ఉన్నవారు ఇద్దరే, ఆయనా హైమవతీ. ఆయన ఇప్పుడు పైడితల్లి. కాబట్టి హైమవతే తెరవాలి.

పిల్లలు గిన్నెలు తెచ్చి వరండాలో పెట్టారు. స్టీలు గిన్నెలు, గాజు కొలపాత్రలు, మూతపోయిన ఫ్లాస్కు, ఒక సబ్బుపెట్టె. ఎవరో రెండు చుక్కల పాలకు పరీక్షపళ్ళెంలో కూడా తోడేశారు. అది కూడా ముచ్చటగా తోడుకుంది. అన్నిటికన్నా చివర పైడితల్లి తన మట్టిముంత తెచ్చి, కింద పెట్టకుండా హైమవతి చేతికిచ్చింది. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే హైమవతికి తేలికగా ఉండేది.

ఈలోగా పరిశీలకురాలు మార్తమ్మ గారు వచ్చేసింది. నిండు వేసవి ఎండలో గేటు నుంచి నడిచి, చెమట తుడుచుకుంటూ వరండా ఎక్కింది. ఊపిరి తలుపులు రాకముందు నుంచీ ఉద్యోగం చేస్తున్న మనిషి, ఎవరినీ ఊరికే నవ్వి పలకరించే మనిషి కాదు. వచ్చినావిడ ఎవరో తెలియక, ఎండన పడి వచ్చిందే పాపమని, పైడితల్లి దుప్పటి కప్పుకునే ఉన్న వీరభద్రుడు ఉప్పూ కరివేపాకూ వేసి గ్లాసుడు మజ్జిగ ఇచ్చాడు. ఆమె ఒక్క గుక్కలో తాగింది. ఇంకో గ్లాసు పుచ్చుకుని ఈసారి మెల్లగా తాగింది. ఆఖరి గుక్క నోట్లోనే ఉంచుకుని కొంతసేపు సముద్రం వైపు చూసింది.

"ఇది ఏ ప్యాకెట్టు మజ్జిగండీ?"

పుండరీకాక్షం గారు గొంతు సవరించుకుని, అది పాఠశాలలో జరిగిన చిన్న అంటు అని, తొలగించే ఏర్పాటు అయిందని, ఆ తొలగింపునే ఆమె ఎదుట ప్రదర్శించబోతున్నామని చెప్పారు. మార్తమ్మ గారు తల ఊపి, చట్టం చట్టమే కదా, కానివ్వమంది. గ్లాసు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

*

బీజపేటిక కింది అంతస్తులో, చల్లటి గదిలో, బీరువా అంత ఉంటుంది. దాని ముందు అందరూ గుమిగూడారు. హైమవతి చేతిలో ముంత అలాగే ఉంది. ఒక్క ఊపిరి వదిలితే చాలు, పేటిక తెరుచుకుంటుంది. పక్కనే ఆవిరిగది కూడా ఆమె ఊపిరితోనే మొదలవుతుంది. సాయంత్రానికి ఎవరి తలుపులు వాళ్ళకు తెరుచుకుంటాయి. ఎవరి ఇడ్లీలు వాళ్ళకు వస్తాయి. కొన్నాళ్ళకు రాష్ట్రంలో ఎవరూ ఎవరి తలుపూ తట్టనక్కరలేదు. విజయనగరంలో ఒక ముసలావిడ చెంచాడు పెరుగు కోసం ఎదురుచూసి, మనవరాలు వట్టి చేతులతో వస్తే ఏమనకుండా ఊరుకుంటుంది. అలాంటివాళ్ళు ఏమీ అనరు.

పలక మీద ఊపిరి వదలబోయి హైమవతి ఆగింది. ముంత మూత తీసింది. చెంచా లేదు. కుడిచేత్తో ఓ ముద్దంత పెరుగు తీసుకుని నోట్లో వేసుకుంది. పులుపు నాలుక చివరన తగిలి, ముక్కు దాకా పోయి, కళ్ళలో నీళ్ళు తెప్పించింది. ఇంకో ముద్ద తీసుకుంది.

"హైమవతి గారూ, మీరేం చేస్తున్నారు?" అన్నారు పుండరీకాక్షం గారు.

"పొద్దుటి నుంచీ ఏమీ తినలేదండీ," అంది ఆమె వేళ్ళు నాకుతూ.

అప్పుడు వంగి పలక మీద నిండుగా ఊపిరి వదిలింది. పలక మసకబారింది. తేటపడడానికి మామూలుకన్నా ఎక్కువసేపే పట్టింది.

"పైడితల్లి గారూ, పేటిక తెరిచే అనుమతి మీకు లేదు," అంది అత్తగారు. తర్వాత ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ఆగింది. "నివాసంలో అధికారులెవరూ కనబడడం లేదు. పైడితల్లి గారు ఒంటరిగా ఉన్నారు. ఒంటరిగా ఉన్న నివాసి మీద ఏ శుద్ధీ జరపరాదు. కడుగునీళ్ళు రద్దు. ఆవిరిగది రద్దు. సాయంత్రం బండి రద్దు. పైడితల్లి గారూ, భయపడకండి, నేనున్నాను."

ఆ నియమం రాసింది పుండరీకాక్షం గారే. ఆయన గోడకు ఆనుకుని, దాన్ని తాను ఎంత చక్కటి భాషలో రాశారో గుర్తుచేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నారు.

మార్తమ్మ గారు సంచిలోంచి నివేదికపలక తీసి సమన్వితకు కలిపింది. జరిగినదంతా చకచకా చెప్పి రాయించింది. చట్టం ప్రకారం ఏమేం తప్పులో ఒక్కటీ వదలలేదు. వింటుంటే పైడితల్లి ముఖం పాలిపోయింది. చివర సంతకం కోసం ఆవిడ పలక మీద ఊపిరి వదిలింది.

"పైడితల్లి గారూ," అంది నివేదికపలక, "ఈ నివేదిక మీద సంతకం చేయడానికి మీకు అధికారం లేదు."

వీరభద్రుడు నవ్వు ఆపుకోలేక మొహం దుప్పటిలో పెట్టుకున్నాడు. మార్తమ్మ గారు పలకను తిప్పి వెనకవైపు చూసింది, చీరకొంగుతో తుడిచింది, మళ్ళీ ఊపిరి వదిలింది. పలక తన మాట మీదే ఉంది. ఆవిడ హైమవతిని చూసి, ఇది వదలడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది. రోజూ మజ్జిగ తాగకుండా ఉంటే వారంలో వదులుతుందని హైమవతి చెప్పింది.

"తాగితే?"

"తాగితే వదలదండీ."

మార్తమ్మ గారు గ్లాసు అడుగు వైపు చూసింది. తర్వాత ఆ గ్లాసునే పైడితల్లి ముందుకు చాపింది.

"చెంచాడు తోడు వెయ్యమ్మా. మా ఇంట్లో పాలు కాచి వచ్చాను."

పైడితల్లి పైకి చూసింది. మిణుగురు సీసాలు ఇంకా వెలగలేదు. పైడితల్లి విశ్రాంతి తీసుకోవాలని అత్తగారు పట్టుదలగా ఉంది కాబట్టి ఆ రోజు వెలిగేలా కూడా లేవు. దీపాలు పెట్టలేదు, అడిగారు, ఇవ్వచ్చు. వరండాలోంచి చెంచా తెచ్చి వేసి, తొణక్కుండా పట్టుకోమని కూడా చెప్పింది.

గేటు దాకా అందరూ వెళ్ళి మార్తమ్మ గారిని సాగనంపారు. "పైడితల్లి గారూ, ఎండ తగ్గాక బయల్దేరవలసింది," అంది గేటు. ఆవిడ చెయ్యి అడ్డుపెట్టి గ్లాసును జాగ్రత్తగా పట్టుకుని నడిచిపోయింది. మండలికి ఏం చెబుతుందో ఆవిడ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

పొద్దు వాలేవేళకు హైమవతి తన క్వార్టరు ముందు నిలబడి ఊపిరి వదిలింది. ఇది మీ గది కాదంది తలుపు. ఆమెకేమీ ఆశ్చర్యం కలగలేదు. వెనక్కి తిరిగి తిండికిటికీ దగ్గరికి వెళ్ళింది. జావ వద్దని, ఒక గిన్నె గోరువెచ్చని పాలు ఇమ్మని అడిగింది. పైడితల్లికి పాలు మంచివేనని అత్తగారు ఒప్పుకుంది.

గిన్నె పట్టుకుని నడవ చివరిదాకా వెళ్ళింది. లోపల నలభైమంది పిల్లలూ ఒకేసారి మాట్లాడుతున్న సందడి. ఊపిరి వదిలితే ఆ తలుపు ఆమెకు తెరుచుకుంటుంది, ఆమె కూడా పైడితల్లే కాబట్టి. హైమవతి ఊపిరి బిగబట్టి, మెల్లగా తలుపు తట్టింది.

"ఎవరది?" అంది లోపలి నుంచి పైడితల్లి.

"నేనే, హైమవతిని. కాస్త తోడు కావాలి."